బైతుల్ ముఖద్దస్ దారిలో వంటిళ్ళ చరిత్ర

ఒక జాతి చరిత్ర తెలుసుకోవాలంటే కోటలు, మసీదులు, శిలాశాసనాలు చూస్తే చాలదు. ఆ జాతి యిళ్ళలో పొయ్యి మీద ఏముందో కూడా చూడాలి. రాజ్యాలు మారతాయి, సరిహద్దులు మారతాయి, కొన్నిచోట్ల వూళ్ళ పేర్లు కూడా మాసిపోతాయి. కాని తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చిన వంట అంత తొందరగా మాసిపోదు. పాలస్తీనా విషయంలో ఈ మాట అక్షరాలా నిజమని మేము అక్కడికి వెళ్ళిన తర్వాతనే తెలుసుకున్నాము.

2019 అక్టోబరులో మన ప్రాంతం నుంచి 19 మందిమి ఒక బృందంగా జియారత్‌కు బయలుదేరాము. అమ్మాన్ వరకూ విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి జోర్డాన్ నది మీది వంతెన దాటి బైతుల్ ముఖద్దస్ చేరుకున్నాము. మాలో 9 మంది స్త్రీలు. "మసీదులన్నీ చూపిస్తారు సరే, ఒక్క యింటి వంటిల్లయినా చూపించరా?" అని వాళ్ళు పట్టుబట్టారు. దాని ఫలితంగా మూడు వూళ్ళలో అక్కడి గృహిణుల దగ్గర కూర్చుని వంట నేర్చుకునే అవకాశం మా అందరికీ కలిగింది. మగవాళ్ళం కూడా కత్తిపీట దగ్గర కూర్చోక తప్పలేదు! ఈ వ్యాసం యాత్రా వర్ణన కాదు. ఆ వంటకాల వెనుక వున్న చరిత్రను మన సంఘ సభ్యుల ముందు వుంచడమే మా వుద్దేశం.

అతిథుల తండ్రి వూరు

బైతుల్ ముఖద్దస్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో అల్ ఖలీల్ పట్టణం వుంది. ఇంగ్లీషు పటాల్లో దీనినే హెబ్రాన్ అంటారు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి వున్న వూరు కనుక ఆ పేరు వచ్చింది. అరబ్బులు ఆయనను 'అతిథుల తండ్రి' అని కూడా పిలుస్తారు. ఆ పేరుకు తగినట్లు ఈ వూరిలో వచ్చినవారికల్లా అన్నం పెట్టే ఆచారం వెయ్యేళ్ళకు పైగా వుంది. ఇది కట్టుకథ కాదు, చూసినవాళ్ళు రాసి పెట్టినది.

బైతుల్ ముఖద్దస్‌లో పుట్టిన భూగోళ శాస్త్రవేత్త అల్ ముఖద్దసీ సుమారు 985లో తన గ్రంథం రాశాడు. అల్ ఖలీల్‌లో ఎప్పుడూ తెరిచివుండే ఒక అతిథిగృహం వున్నదనీ, అందులో వంటవాడు, రొట్టెలు కాల్చేవాడు, పనివాళ్ళు వున్నారనీ, వచ్చిన ప్రతి బీదవానికీ మసూరు పప్పు, జైతూన్ నూనె పెడతారనీ, కోరితే ధనికులకు కూడా అదే పెడతారనీ ఆయన వివరించాడు. ఆ తర్వాత 1047లో పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో వచ్చాడు. మనిషికి ఒక రొట్టె, జైతూన్ నూనెతో వండిన ఒక గిన్నెడు పప్పు, కొన్ని ఎండు ద్రాక్షలు యిస్తున్నారని, ఒక్కోరోజు 500 మంది వరకూ యాత్రికులు వస్తారని తన సఫర్‌నామాలో నమోదు చేశాడు.

ఆ వంటశాల వారసత్వమే నేటి 'తకియా ఇబ్రాహీమియా'. అక్కడ దంచిన గోధుమలతో చేసే జారుడు వంటకం వూరి బీదలకు వుచితంగా పంచుతారు. వూళ్ళోని కలిగినవాళ్ళు కూడా బరకత్ కోసమని గిన్నె పట్టుకుని వరుసలో నిలబడతారు. మా బృందంలో ఒక పెద్దాయన ఆ గిన్నె రుచి చూసి, "ఇది మసాలా తగ్గిన మన హలీమే కదా!" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. గోధుమలను, మాంసాన్ని కలిపి మెత్తగా వుడికించే 'హరీస్' అరబ్బు దేశాల ప్రాచీన వంట. హైదరాబాదుకు వచ్చి స్థిరపడిన అరబ్బుల ద్వారా అది మన దగ్గర అడుగుపెట్టి, మన మసాలాలు, మన నెయ్యి కలుపుకుని హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

సుల్తానా దేగ్, మన జర్దా

బైతుల్ ముఖద్దస్ పాతబస్తీలో యిటువంటిదే మరో వంటశాల వుంది. ఉస్మానియా సుల్తాన్ సులేమాన్ భార్య ఖాస్సకీ హుర్రం సుల్తానా 1552లో దానిని నెలకొల్పింది. కేవలం కట్టడం కట్టి వూరుకోలేదు. వంటశాల ఎన్నటికీ ఆగిపోకుండా అనేక గ్రామాల శిస్తును వక్ఫ్ చేసింది. ఎవరికి ఎంత పెట్టాలి, ఏ పూట ఏం వండాలి అనేది కూడా వక్ఫ్‌నామాలో రాయించింది. పొద్దున బియ్యంతో చేసిన షోర్బా, సాయంత్రం గోధుమ రవ్వతో చేసిన షోర్బా. జుమ్మా రాత్రులు, రంజాన్ రాత్రులు, పండుగలకు మాత్రం మాంసంతో వండిన అన్నం, దానితో 'జర్దే' అనే కుంకుమపువ్వు వేసిన తియ్యని అన్నం.

పాఠకులు ఈపాటికి గ్రహించే వుంటారు. మన పెళ్ళిళ్ళలో వడ్డించే పసుపుపచ్చని జర్దా పేరు, రంగు, తీపి అన్నీ ఆ వరసలోవే. పారశీక భాషలో 'జర్ద్' అంటే పసుపు రంగు. ఇస్తాంబుల్‌లోను, బైతుల్ ముఖద్దస్‌లోను, ఢిల్లీలోను, హైదరాబాదులోను ఒకే పేరుతో ఒక తీపి వంటకం వందల ఏళ్ళు బతికిందంటే, ఆ వంటవాళ్ళు ఎంత దూరం నడిచారో వూహించుకోవచ్చు. హుర్రం సుల్తానా వంటశాల రూపం మారినా నేటికీ పనిచేస్తూనే వుంది. రంజాన్‌లో అక్కడి దేగ్‌ల ముందు వరుసలు కనబడతాయి.

మన దేశానికి ఆ నగరంతో యింకా దగ్గరి సంబంధాలు వున్నాయి. పాతబస్తీ ఉత్తర ద్వారం దగ్గర 'జావియా హిందియా' అనే భారతీయ సత్రం వుంది. బాబా ఫరీద్ (రహ్మతుల్లాహి అలైహి) సుమారు 1200 ప్రాంతంలో అక్కడ బస చేశారని ప్రతీతి. 1924లో సహారన్‌పూర్‌కు చెందిన షేఖ్ నజీర్ హసన్ అన్సారీ దాని నిర్వహణకు వెళ్ళారు. ఆ కుటుంబమే తరతరాలుగా దానిని కాపాడుతూ వచ్చింది. మస్జిదె అఖ్సా మరమ్మతులకు 1920వ దశకంలో మన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళం పంపారు. అంతకుముందు 1918లో పాలస్తీనా రణరంగంలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వికదళంలో జోధ్‌పూర్, మైసూర్ రౌతులతో పాటు హైదరాబాద్ లాన్సర్లు కూడా వున్నారు.

కొత్త నూనె పరీక్ష – ముసఖ్ఖన్

మేము వెళ్ళింది జైతూన్ కోతల కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో వూరు వూరంతా తోటల్లోనే వుంటుంది. చెట్టు కింద గుడ్డలు పరిచి కాయలు దూస్తారు. 80 వేల నుంచి లక్ష వరకూ పాలస్తీనా కుటుంబాలకు జైతూన్ పంటే ఆదాయానికి ఆధారమని లెక్కలు చెబుతున్నాయి. మనకు కొత్త బియ్యం వచ్చినప్పుడు పాయసం ఎలాగో, వాళ్ళకు కొత్త నూనె వచ్చినప్పుడు 'ముసఖ్ఖన్' అలాగ.

ఆ మాటకు 'వేడి చేసినది' అని అర్థం. తుల్కరం, జెనిన్ ప్రాంతాల రైతుల వంట యిది. అక్కడి పొయ్యి పేరు తాబూన్. మట్టితో గుమ్మటంలాగా కట్టి, అడుగున గులకరాళ్ళు పరుస్తారు. కాలిన రాళ్ళ మీద పరచిన రొట్టెకు కింద గుంటలు గుంటలుగా అచ్చు పడుతుంది. నిన్నటి రొట్టె గట్టిపడితే పారెయ్యడం రైతుకు యిష్టం వుండదు. అందుకని దానిని కొత్త నూనెలో ముంచి, ఉల్లిపాయలు పరిచి మళ్ళీ వేడి చేసి తినేవారు. పేరు అలా వచ్చింది.

మాకు నేర్పిన యింటావిడను మేమంతా 'ఖాలా' అని పిలిచాము. ఆమె వెంటనే నవ్వింది. అరబ్బీలోను అదే మాట, అదే అర్థం – పిన్ని. భాష రాకపోయినా ఆ ఒక్క మాటతో వరస కలిసింది. ఆమె చెప్పిన పద్ధతి యిది. కోడిని ఏలకులు, మిరియాలు, దాల్చినచెక్కతో వుడికించి పక్కన పెట్టుకోవాలి. నలుగురికి కిలో ఉల్లిపాయలు తరిగి, పెద్ద గ్లాసుడు జైతూన్ నూనెలో సన్నని మంట మీద మెత్తగా మగ్గబెట్టాలి. మనం బిర్యానీకి చేసినట్లు ఎర్రని బిరస్తా చేయకూడదు. అందులో సుమాక్ పొడి ధారాళంగా కలపాలి. సుమాక్ అంటే అక్కడి కొండల మీద కాసే ఎర్రని పుల్లటి పండ్లను ఎండబెట్టి కొట్టిన పొడి. మనకు పులుపుకు చింతపండు ఎలాగో, వాళ్ళకు సుమాక్ అలాగ. ఈ ఉల్లిపాయలను రొట్టె మీద పరిచి, పైన కోడి ముక్కలు పెట్టి, మళ్ళీ పొయ్యిలో పెట్టి తీయాలి. చేత్తో తుంచుకుని తినాలి. చెంచా అడిగితే ఖాలాకు నచ్చదు.

బియ్యం, గోధుమల కథ

అక్కడి వంటల్లో బియ్యం ఒకప్పుడు పండుగ పదార్థం. రోజువారీ తిండి గోధుమ. గోధుమలను వుడికించి ఎండబెట్టి దంచితే బుర్గుల్. పచ్చి కంకులను మంటలో కాల్చి నూర్చితే ఫ్రీకే. దంచిన రవ్వ మీద పిండి చల్లుతూ అరచేత్తో గుండ్రంగా తిప్పి తిప్పి చేస్తే మఫ్తూల్. ఈ మఫ్తూల్ తిప్పడం మాలో ఆడవాళ్ళకు తొందరగా పట్టుబడింది. అయితే బియ్యం అందుబాటులోకి వచ్చేసరికి గోధుమ రవ్వ చిన్నబోయింది. ఆ ప్రాంతంలో ఒక సామెత వుంది: మర్యాదంతా అన్నానికే, బుర్గుల్ పాపం వురేసుకుంది అని! మన తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో జొన్న రొట్టె, రాగి సంకటి తిన్న తరం తర్వాత వరి అన్నం గొప్పతనానికి గుర్తు అయిన సంగతి గుర్తు చేసుకుంటే ఈ సామెత మనకూ వర్తిస్తుంది.

తలకిందులైన గిన్నె

రెండవ పాఠం బెత్లెహేం పక్కనున్న అయిదా శరణార్థి శిబిరంలో జరిగింది. ఆ శిబిరం 1950లో ఏర్పడింది. 1948 యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు యిళ్ళు వదలవలసి వచ్చింది. 400కు పైగా గ్రామాలు ఖాళీ అయిపోయాయి. ఆ సంఘటనను వాళ్ళు 'నక్బా' అంటారు, అంటే మహావిపత్తు. గుడారాలతో మొదలైన శిబిరాలు యిప్పుడు సిమెంటు యిళ్ళతో కిక్కిరిసిన పేటలు. మూడు నాలుగు తరాలు అక్కడే పుట్టాయి.

ఆ యింట మాకు నేర్పిన వంట 'మఖ్‌లూబా'. మాటకు అర్థం తలకిందులైనది అని. మాంసాన్ని మసాలాలతో వుడికించి ఆ రసం దాచుకుంటారు. వంకాయ చక్రాలకు వుప్పు పట్టించి, నీరు తీసి, నూనెలో వేయిస్తారు. కాలీఫ్లవర్ కూడా అలాగే. అడుగున మాంసం, దాని మీద కూరగాయలు, పైన అరగంట నానిన బియ్యం వరుసగా పేర్చి, దాచిన రసం పోసి వుడికిస్తారు. దింపిన తర్వాత పావుగంట కదపకూడదు. ఆపైన గిన్నె మీద పెద్ద తాంబాళం బోర్లించి, యిద్దరు పట్టుకుని ఒక్క వూపున తిరగెయ్యాలి. గిన్నె అడుగును అరచేత్తో తట్టి, బిస్మిల్లా అని మెల్లగా పైకి లేపాలి. గోపురంలాగా అన్నం నిలబడితే యిల్లంతా చప్పట్లు! మన బిర్యానీ కూడా పొరలు పొరలుగానే పేరుస్తాం. కాని మనం పక్క నుంచి గరిటెతో తీస్తాం, వాళ్ళు దేగ్‌నే తిరగేస్తారు. పక్కన పెరుగు, సన్నగా తరిగిన కీరా టమాటా ముక్కలు వడ్డిస్తారు.

1187లో సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ ముఖద్దస్‌ను జయించినప్పుడు ప్రజలు ఆయన సైన్యానికి ఈ వంట పెట్టారని, ఆయనే ఈ పేరు పెట్టాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఇది జనం చెప్పుకునే కథ. 1226లో బాగ్దాదులో రాసిన ఒక వంటల గ్రంథంలో మఖ్‌లూబా అనే పేరు వుంది, కాని అది బాణలిలో తిరగేసి వేయించే మాంసపు బిళ్ళ, అన్నం కాదు. పేరు పాతదే, వంట తరతరాలుగా మారుతూ వచ్చిందన్నమాట.

శిబిరంలో మేము గమనించిన అసలు విషయం మరొకటి వుంది. వండే ప్రతి ఆవిడా "మా వూళ్ళో యిలా చేస్తారు" అంటుంది. ఆ వూరు ఆమె పుట్టిన వూరు కాదు, ఆమె చూసిన వూరు కూడా కాదు. 1948కి ముందు ఆమె నాయనమ్మ వున్న వూరు. సముద్రతీరం నుంచి వచ్చినవాళ్ళు కారం, సోయా కూర ఎక్కువ వేస్తారు. కొండ ప్రాంతంవాళ్ళు సుమాక్, జైతూన్ నూనె ఎక్కువ వాడతారు. యాఫా వైపువాళ్ళు మసూరు పప్పు, వంకాయ, దానిమ్మ రసం కలిపి 'రుమ్మానియా' వండుతారు. పటంలో లేని గ్రామం గిన్నెలో వుంది. పిల్లలకు వూరి పేరు, వంట పేరు కలిపే నేర్పుతున్నారు.

నబ్లస్ తీపి

బైతుల్ ముఖద్దస్‌కు ఉత్తరంగా నబ్లస్ నగరం. జైతూన్ నూనెతో చేసే సబ్బుకు పేరుపొందిన వూరు. ఆ సబ్బు తయారీ కళను 2024లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. తిండి విషయంలో మాత్రం నబ్లస్ అంటే 'కునాఫా'. వుప్పునీటిలో నిలవచేసిన తెల్లని చీజును పదే పదే నీళ్ళు మార్చి, వుప్పంతా పోయేదాకా నానబెడతారు. పళ్ళెంలో నెయ్యి రాసి, సన్నని సేమ్యా వంటి పిండి పరిచి, పైన ఆ చీజు పరిచి కాలుస్తారు. తర్వాత తిరగేసి, వేడి మీదనే పాకం పోసి పిస్తా చల్లుతారు. 2009 జూలైలో నబ్లస్ మిఠాయివాళ్ళు 75 మీటర్ల పొడవున కునాఫా చేసి వీధిలో పంచారు. ఎన్నో ఏళ్ళ నాకాబందీ సడలిన సంతోషంలో వూరు చేసుకున్న పండుగ అది.

ఆకు మీద కూడా చట్టం

మేము నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా తేలికైనది జఅతర్. అది కొండల మీద పెరిగే వాము వాసన గల ఒక ఆకు. దానిని ఎండబెట్టి పొడిచేసి, వేయించిన నువ్వులు, సుమాక్, వుప్పు కలుపుతారు. పొద్దున రొట్టెను నూనెలో అద్ది ఆ పొడిలో ముంచి తింటారు. మన యిళ్ళలో నువ్వుల పొడి, కరివేపాకు పొడి వున్నట్లు ప్రతి యింటా వుంటుంది. 1977లో ఇజ్రాయిల్ ప్రభుత్వం ఈ మొక్కను రక్షిత జాతిగా ప్రకటించి, కొండల మీద కోయడం నిషేధించింది. 2005లో 'అక్కూబ్' అనే ముళ్ళ కూర కూడా ఆ జాబితాలోకి చేరింది. మొక్క అంతరించకుండా కాపాడటానికే అని ప్రభుత్వం చెప్పింది. తాతల కాలం నుంచి వేర్లు పెకలించకుండా కోసుకుంటున్నాం, మాకు జరిమానాలెందుకని అక్కడి ఆడవాళ్ళు అడిగారు. తర్వాతి కాలంలో సొంత వాడకం మేరకు కొంత సడలింపు యిచ్చారు. కూరాకు కోసుకోవడం కూడా కచేరీ వ్యవహారం అయిందంటే అక్కడి బతుకు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

మన చింతపండును అరబ్బులు 'తమర్ హిందీ' అంటారు, అంటే హిందూ దేశపు ఖర్జూరం. రంజాన్ రోజుల్లో బైతుల్ ముఖద్దస్ వీధుల్లో చింతపండు షర్బత్ అమ్ముతారు. అక్కడ రోజా విప్పే గ్లాసులో మన చెట్టు వాసన వుంది. ఏలకులు, మిరియాలు కూడా శతాబ్దాల కిందట మన తీరాల నుంచి ఓడల్లో వెళ్ళినవే.

గాజా తకియాలు

మేము గాజా వెళ్ళలేకపోయాము. 2007 నుంచి ఆ ప్రాంతం దిగ్బంధంలో వుంది, మావంటి యాత్రికులకు ప్రవేశం లేదు. అక్కడి వంటల గురించి విన్నాము. మట్టి మూకుడులో పచ్చిమిర్చి, వెల్లుల్లి, సోయా గింజలు నూరి చేసే కారం, పండుగకు సుమాక్ రసంలో మాంసం, ఆకుకూర, నువ్వుల ముద్ద కలిపి వండే 'సుమాగియా' అక్కడి ప్రత్యేకతలు.

2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తర్వాత గాజాలో వంట అనే మాటకే అర్థం మారిపోయింది. బేకరీలు మూతపడ్డాయి. గ్యాసు లేక చెక్క ముక్కలు, అట్టలు మంటపెట్టారు. 2024 ఏప్రిల్ 1న అన్నం పంచే ఒక అంతర్జాతీయ సంస్థ కార్యకర్తలు 7 మంది ఇజ్రాయిల్ దాడిలో చనిపోయారు. 2025 మార్చి నుంచి మే వరకూ సహాయ సరుకులు పూర్తిగా ఆపివేశారు. 2025 ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు వున్నట్లు అంతర్జాతీయ ఆహార నిపుణుల బృందం నిర్ధారించింది. 5 లక్షల మందికి పైగా ఆకలి చివరి మెట్టు మీద వున్నారని ప్రకటించింది. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ వచ్చింది.

ఆ కాలమంతా గుడారాల మధ్య పెద్ద దేగ్‌లు పెట్టి, దొరికిన పప్పు, దొరికిన సేమ్యా వండి పంచినవాళ్ళు వున్నారు. ఆ వంటశాలలను గాజా ప్రజలు ఏమని పిలిచారో తెలుసా? 'తకియా' అనే! అల్ ఖలీల్‌లో, బైతుల్ ముఖద్దస్‌లో వందల ఏళ్ళుగా వింటున్న అదే మాట. గిన్నె పట్టుకుని నిలబడిన పిల్లల ఫోటోలు మనమంతా పత్రికల్లో చూశాం. ఆ ఫోటో వెనుక వెయ్యేళ్ళ ఆచారం వుంది. కరువులో కూడా ఆ ఆచారం తెగిపోకుండా పట్టుకున్నారు.

మనం చేయదగినది

సంక్షేమ సంఘం అన్న తర్వాత రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది, హుర్రం సుల్తానా వంటశాల 470 ఏళ్ళకు పైగా నిలవడానికి కారణం ఆమె దయ ఒక్కటే కాదు, ఖర్చుకు శాశ్వతమైన ఆదాయం చూపించడం, ఎవరికి ఎంత అనేది రాసి పెట్టడం. మనం రంజాన్‌లో ఇఫ్తార్ పెడుతున్నాం, వరదలు వస్తే అన్నం పొట్లాలు పంచుతున్నాం. చాలా సంతోషం. కాని అవి ఆ ఏటి చందా మీద ఆధారపడినవి. చిన్నదైనా ఒక స్థిరమైన నిధి, దానికి రాతపూర్వకమైన నియమాలు వుంటే ఆ పని మన తర్వాత కూడా సాగుతుంది.

రెండవది, మన యిళ్ళలో కూడా వూరికో రకం వంట వుంది. కర్నూలు, కడప, గుంటూరు, వరంగల్ – ఒక్కోచోట బగారా అన్నం ఒక్కో రకం, పండుగ సేమ్యా ఒక్కో రకం. నానీమా, దాదీమా చేతిలో వున్న కొలతలు ఎక్కడా రాసి లేవు. వూరు పోగొట్టుకున్న వాళ్ళు వంటను అంత జాగ్రత్తగా దాచుకున్నారు. వూళ్ళోనే వున్న మనం మన పెద్దలను అడిగి రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, కొంత తీరిక చాలు. వచ్చే ఏటి సంచికకు సభ్యుల యిళ్ళ నుంచి అటువంటి వంటలు, వాటి వెనుక వున్న కుటుంబ చరిత్రలు రాసి పంపవలసిందిగా సోదర సోదరీమణులను కోరుతున్నాము.